కుర్చీ కదలకుండా అమెరికా రాష్ట్రాలు

ప్రత్యేక సంచికకు ఏదైనా ఒక వ్యాసం రాసి ఇమ్మని మన సంఘం కార్యదర్శి గారు అడిగారు. ఆరోగ్య సూత్రాలు, పెన్షను రూల్సు రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు కనుక నేను ఆ జోలికి పోవడం లేదు. గత ఏడాదిన్నరగా మేము ఏడెనిమిది మందిమి బుధవారం సాయంత్రాలు చేస్తున్న ఒక ప్రయాణం గురించి, అందులో తెలుసుకున్న చరిత్ర గురించి నాలుగు మాటలు రాస్తాను.

ఈ ప్రయాణానికి టిక్కెట్టు లేదు, వీసా లేదు. మాలో ఒకరింట్లో పెద్ద టీ.వీ. ఉంది. దానికి కంప్యూటరు తగిలించి, గూగుల్ మ్యాపు తెరిచి, వారానికి ఒక అమెరికా రాష్ట్రం చొప్పున చూస్తాం. మ్యాపు మూలన పసుపు పచ్చ రంగులో చిన్న మనిషి బొమ్మ ఉంటుంది. దాన్ని తీసి ఏ రోడ్డు మీద వదిలితే ఆ రోడ్డు మనం నిలబడి చూసినట్టే కనిపిస్తుంది. ఇది 2007లో శాన్‌ఫ్రాన్సిస్కో, న్యూయార్కు వంటి అయిదు అమెరికా నగరాలతో మొదలైంది. హైదరాబాదుతో సహా మన దేశంలో పది నగరాలకు ఆ ఏర్పాటు 2022 జూలైలో వచ్చింది. యంత్రం తిప్పే పని మా టీచరమ్మ గారిది. ఆవిడ రిటైరయ్యాక మనవడి దగ్గర నేర్చుకున్నారు. మిగిలినవాళ్ళం కుర్చీల్లో కూర్చుని "అమ్మా, కొంచెం ఎడమకి, ఇంకొంచెం ముందుకి" అంటూ ఉంటాం. ఒక హెచ్చరిక. అక్కడ కనిపించేది ఈ నిమిషం జరుగుతున్నది కాదు. ఎప్పుడో కారు మీద కెమెరా పెట్టి తీసిన ఫోటోలు. తీసిన నెల, సంవత్సరం తెర మీదే రాసి ఉంటుంది, మనుషుల ముఖాలు మసక చేసి ఉంటాయి. మనవడు వాకిట్లో కనిపిస్తాడేమోనని వెతికేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

అమెరికాయే ఎందుకు అంటారేమో. మన సభ్యుల్లో ఎవరింటికి వెళ్ళినా కొడుకో, కూతురో, కనీసం మేనల్లుడో అక్కడ ఉన్నాడు. న్యూజెర్సీ, టెక్సాసు, కాలిఫోర్నియా అనే పేర్లు మనకు తణుకు, అమలాపురం అన్నంత తేలిగ్గా నోట్లో తిరుగుతాయి. కానీ అబ్బాయి ఒహాయో నుంచి కాన్సాసుకు మారాడంటే ఆ రెండూ ఎంత దూరమో, మధ్యలో ఏముందో, ఆ ఊళ్ళు ఎలా పుట్టాయో మనకు తెలియదు. వెళ్ళి చూద్దామంటే మోకాళ్ళు సహకరించవు. వెళ్ళినవాళ్ళు కూడా ఆరు నెలలూ నాలుగు గోడల మధ్యే ఉండి, నయాగరా ఒక్కటి చూసి వస్తున్నారు.

కుర్చీలో కూర్చుని లోకం చూడడం కొత్త సంగతేమీ కాదు. మన జాతరల్లో బయాస్కోపు పెట్టెలో కన్ను పెట్టి కాశీ, తాజమహలు చూసిన తరం మనది. అమెరికాలోనే 1861 ప్రాంతంలో ఆలివర్ వెండెల్ హోమ్స్ అనే వైద్యుడు, రచయిత, చేత్తో పట్టుకు చూసే తేలికపాటి స్టీరియోస్కోపు ఒకటి తయారుచేశాడు. రెండు ఫోటోలు పక్కపక్కన ఉన్న అట్టముక్కను అందులో పెట్టి చూస్తే లోతు తెలిసి, అక్కడే ఉన్నట్టు అనిపిస్తుంది. ఆయన దానికి పేటెంటు తీసుకోలేదు. తరవాత అండర్‌వుడ్ అండ్ అండర్‌వుడ్ అనే కంపెనీ దేశాలవారీగా ఫోటోల పెట్టెలు, వాటితో మ్యాపులు, వివరాల పుస్తకాలు అమ్మింది. అప్పటి ముసలివాళ్ళు కూడా మాలాగే ఇంట్లో కూర్చుని దేశాలు తిరిగారన్నమాట. ఈ హోమ్స్ పేరు మళ్ళీ చివర్లో వస్తుంది, కాస్త గుర్తుంచుకోండి.

మొదటి నాలుగైదు వారాలు మేము కూడా అందరిలాగే గ్రాండ్ కాన్యను, ఎత్తయిన మేడలు చూశాం. చూసినంతసేపూ బాగానే ఉంది, మర్నాటికి ఏదీ గుర్తు లేదు. నేను 1972లో తాలూకాఫీసులో గుమాస్తాగా చేరి, మండలాలు వచ్చాక కూడా భూమి రికార్డులతోనే ఉద్యోగమంతా గడిపినవాణ్ణి. అందుకని నా దృష్టి మేడల మీద కన్నా గీతల మీదకు పోయింది. అమెరికా పటం చూడండి. తూర్పు వైపు రాష్ట్రాలు చిన్నవి, వంకరటింకరవి. పడమటికి పోయేకొద్దీ స్కేలు పెట్టి గీసినట్టు పెట్టెలు పెట్టెలుగా ఉంటాయి. కొలరాడో, వయోమింగు చూస్తే గుమాస్తా కాగితం మీద గడి గీసి పేరు రాసినట్టుంటుంది. మన దగ్గర ఊరు ముందు పుట్టింది, పొలం గట్లు పడ్డాయి, ఆ తరవాత ఎప్పుడో సర్వే వాడు వచ్చి ఉన్న గట్లను కొలిచి రాళ్ళు పాతాడు. అక్కడ చాలాచోట్ల ముందు గీత, తరవాత ఊరు. ఎందుకిలా అని అడగడం మొదలుపెట్టాక ప్రతి రాష్ట్రమూ ఒక ఫైలులాగా విప్పుకుంది.

మొదట తూర్పున పెన్సిల్వేనియా, మేరీలాండు మధ్య గీత చూశాం. ఇంగ్లండు రాజులు 1632లో కాల్వర్ట్ కుటుంబానికి ఒక సనదు, 1681లో పెన్ కుటుంబానికి మరొక సనదు ఇచ్చారు. రెండింటిలోని హద్దులూ ఒకదానిపైకి ఒకటి వచ్చాయి. ఒకే సర్వే నంబరుకు ఇద్దరికి పట్టా ఇచ్చినట్టు! ఆ తగువు ఎనభై ఏళ్ళు నడిచింది. చివరకు చార్లెస్ మేసన్, జెరెమయా డిక్సన్ అనే ఇద్దరిని ఇంగ్లండు నుంచి పిలిపించారు. వాళ్ళు 1763 నుంచి 1767 దాకా నక్షత్రాలను చూసి లెక్క కట్టి, అడవి కొట్టించి గీత వేశారు. మైలుకొక రాయి, ప్రతి అయిదో మైలు దగ్గర రెండు కుటుంబాల ముద్రలూ చెక్కిన పెద్ద రాయి. ఆ రాళ్ళు కూడా ఓడ మీద ఇంగ్లండు నుంచే వచ్చాయి. వాటిలో కొన్ని నేటికీ ఉన్నాయి. గీత పడమటికి పోయిపోయి ఒకచోట ఆగింది. వెంట ఉన్న ఇరోక్వా తెగవాళ్ళు, ఇక్కడ నుంచి ముందుకు రామన్నారు. అంటే ఆ అడవి ఖాళీ అడవి కాదు, హక్కుదార్లున్న అడవి. ఈ మాట తరవాత చాలాసార్లు గుర్తుకొచ్చింది.

అసలు కథ 1785లో మొదలవుతుంది. స్వాతంత్ర్యం వచ్చింది గాని కొత్త దేశానికి యుద్ధపు అప్పు ఉంది, ఖజానాలో డబ్బు లేదు. ఉన్నదల్లా పడమట భూమి. దాన్ని అమ్మాలంటే కొలవాలి. అప్పుడు వాళ్ళ కాంగ్రెసు ఒక ఆర్డినెన్సు చేసింది. భూమినంతా ఆరు మైళ్ళ పొడవు, ఆరు మైళ్ళ వెడల్పు గల చదరాలుగా కొయ్యాలి. ఒక్కొక్క చదరం ఒక టౌన్‌షిప్పు. దాన్ని మళ్ళీ 36 సెక్షన్లు చెయ్యాలి. సెక్షను అంటే ఒక చదరపు మైలు, 640 ఎకరాలు. అందులో 16వ నంబరు సెక్షను బడికి కేటాయించాలి. మా టీచరమ్మ గారు ఈ చివరి వాక్యాన్ని రెండుసార్లు చదివించుకున్నారు. ఊరు లేదు, పిల్లలు లేరు, బడికి మాన్యం మాత్రం ముందే రాసి పెట్టారు!

ఒహాయో నది పెన్సిల్వేనియా దాటే చోట 1785 సెప్టెంబరు 30న థామస్ హచిన్స్ ఈ కొలత మొదలుపెట్టాడు. చేతిలో ఉన్నది గంటర్ గొలుసు. ఎడ్మండ్ గంటర్ అనే ఆంగ్లేయుడు 1620లో రూపొందించినది. పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. 80 గొలుసులు ఒక మైలు, 10 చదరపు గొలుసులు ఒక ఎకరం. ఇది చదవగానే నాకు సొంతవూరి బంధువు కనిపించినట్టయింది. మద్రాసు ప్రెసిడెన్సీలో మన పొలాలు కొలిచింది ఈ గొలుసుతోనే. పాత ఎఫ్.ఎం.బి. పుస్తకాల్లో కొలతలన్నీ లింకుల్లోనే ఉండేవి. మన సెంటు అంటే వెయ్యి చదరపు లింకులు, ఎకరానికి నూరోవంతు. మా బృందంలో ఉన్న కరీంనగరం వారు వెంటనే, "మీకు సెంటయితే మాకు గుంట, 33 అడుగులకు 33 అడుగులు, నలభై గుంటలు ఎకరం" అన్నారు. ముప్పయి మూడంటే గంటర్ గొలుసులో సరిగ్గా సగం. సెంటన్నా, గుంటన్నా, అక్కడివాళ్ళు సెక్షనన్నా ఒకే గొలుసు పిల్లలు.

ఈ గొలుసు సుమారు ముప్పయి రాష్ట్రాల మీద నడిచింది. దాని గుర్తులు చూడాలంటే కాన్సాసు, నెబ్రాస్కా రాష్ట్రాలను పైనుంచి చూడాలి. మైలుకొక రోడ్డు, తూర్పు పడమర, ఉత్తరం దక్షిణం, చదరంగం బల్ల పరిచినట్టు. మనుషులు లేని ఆ రోడ్ల మీద మా పసుపు బొమ్మ గంటసేపు నడిచినా ఎడమకూ కుడికీ ఒకే దృశ్యం. మాలో ఇద్దరు నిద్రపోయారు కూడా. అంతలో నిటారుగా పోతున్న రోడ్డు ఒకచోట చటుక్కున పక్కకు తిరిగి, కొంచెం దూరం పోయి, మళ్ళీ నిటారుగా పోయింది. గుట్ట లేదు, చెరువు లేదు. మరెందుకు తిరిగింది? భూమి గుండ్రం గనుక. ఉత్తరానికి పోయేకొద్దీ నిలువు గీతలు దగ్గరపడతాయి, చదరాలు సన్నబడతాయి. ఆ తేడా సర్దడానికి సర్వే వాళ్ళు కొన్ని మైళ్ళకొకసారి దిద్దుబాటు గీత వేసి, అక్కడ నుంచి కొత్తగా కొలిచారు. కాగితం మీద సర్దుబాటు నేల మీద రోడ్డు మలుపయింది. కొండలు, జలపాతాలు చూసినప్పటి కన్నా ఈ మలుపు చూసినప్పుడు నాకు ఎక్కువ సంతోషం కలిగింది. ఇది నా వృత్తి జాడ్యం అని మా ఇంట్లో అంటారు.

కొలిచిన భూమిని మొదట అమ్మారు. 1862లో లింకన్ కాలంలో హోమ్‌స్టెడ్ చట్టం వచ్చింది. ఇరవై ఒక్కేళ్ళు నిండినవారు, లేదా ఇంటి యజమాని, ఆడవారైనా సరే, వలస వచ్చి పౌరసత్వం కోరినవారైనా సరే, 160 ఎకరాలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. రుసుములన్నీ కలిపి 18 డాలర్లు. ఇల్లు కట్టుకుని, సేద్యం చేసి, అయిదేళ్ళు కాపురం ఉంటే పట్టా. 1863 జనవరి 1న చట్టం అమలులోకి వచ్చిన రోజే నెబ్రాస్కాలో డేనియల్ ఫ్రీమన్ దరఖాస్తు పెట్టాడు. బియాట్రిస్ అనే ఊరి దగ్గర ఆయన పొలం ఇప్పుడు జాతీయ పార్కుగా ఉంది, తెర మీద చూడవచ్చు. ఈ చట్టం కింద మొత్తం సుమారు 27 కోట్ల ఎకరాలు ఇచ్చారు. ఆ దేశం మొత్తం విస్తీర్ణంలో ఇది దాదాపు పదోవంతు. ఆనాటి పట్టాలను అక్కడి ప్రభుత్వ భూమి శాఖ స్కాను చేసి లక్షల సంఖ్యలో కంప్యూటరులో ఉంచింది. పేరు కొడితే పట్టా వస్తుంది. సంతకం, తేదీ, సెక్షను నంబరు, రేంజి నంబరు అన్నీ కనిపిస్తాయి. దుమ్ము లేదు, చెదలు లేవు, రికార్డు రూము తాళంచెవి కోసం ఎవరినీ బతిమాలే పని లేదు.

ఇంత పద్ధతిగా పంచిన భూమి అంతకుముందు ఎవరిది? ఈ ప్రశ్న మమ్మల్ని ఓక్లహోమాలో పట్టుకుంది. వారానికొక రాష్ట్రం అన్న నియమం తప్పి మేము అక్కడ అయిదు వారాలు ఉన్నాం. మా బృందంలో ఒకరి కూతురు అక్కడ టల్సా నగరంలో ఉంటోంది, సొంత ఇల్లు కొనుక్కుంది. ఆయన మొదటి రోజు ఇల్లు చూపించి ఎంతో మురిసిపోయారు.

ఓక్లహోమా అనే పేరే చోక్టా తెగ భాషలోది. ఓక్లా అంటే జనం, హుమ్మా అంటే ఎరుపు. అయితే చోక్టాలది మొదటి నుంచీ ఆ నేల కాదు. చెరొకీ, చికసా, చోక్టా, క్రీక్, సెమినోల్ తెగలు ఆగ్నేయంలో జార్జియా, అలబామా, మిసిసిపి, ఫ్లోరిడా ప్రాంతాలవారు. వీరిలో చెరొకీల సంగతి చూడండి. సెక్వోయా అనే ఆయన 1821 నాటికి తన భాషకు లిపి తయారుచేశాడు. మన గుణింతంలాగా ఒక్కొక్క అక్షరానికి పూర్తి ఉచ్చారణ, అలాంటివి 85. 1827లో వాళ్ళు రాజ్యాంగం రాసుకున్నారు, 1828లో సొంత లిపిలో, ఇంగ్లీషులో పత్రిక పెట్టారు. ఇవన్నీ ఉన్నా ఆండ్రూ జాక్సన్ ప్రెసిడెంటుగా ఉండగా 1830లో తొలగింపు చట్టం వచ్చింది. జార్జియా ప్రభుత్వం 1832లో వాళ్ళ భూమిని ముక్కలు చేసి లాటరీ వేసి తన పౌరులకు పంచింది. మనుషులు ఇళ్ళలో ఉండగానే! చెరొకీల్లో కొద్దిమంది చేత 1835లో ఒప్పందం మీద సంతకాలు చేయించుకుని, 1838లో సైన్యాన్ని పంపి సుమారు పదహారు వేల మందిని పడమటికి తోలారు. దారిలోనూ, దొడ్లవంటి శిబిరాల్లోనూ దాదాపు నాలుగు వేల మంది చనిపోయారని అంచనా. దాన్ని కన్నీళ్ళ బాట అంటారు. ఆ దారిని ఇప్పుడు జాతీయ చారిత్రక మార్గంగా గుర్తించి పలకలు పెట్టారు. జార్జియాలో న్యూ ఎకోటా అనే వాళ్ళ పాత రాజధానిలో పత్రిక అచ్చుకూటం నమూనాగా మళ్ళీ కట్టి ఉంది. మేము అక్కడ నుంచి పడమటికి ఆ బాట వెంట బొమ్మను కొంత దూరం నడిపించాం. టీచరమ్మ గారు ఇక చాలన్నారు, ఆ రోజుకు ఆపేశాం.

పడమట ఇచ్చిన భూమి మీదే శాశ్వతం అని ఒప్పందాల్లో రాశారు. ఆ శాశ్వతం ఎంతకాలం? 1889 ఏప్రిల్ 22 మధ్యాహ్నం పన్నెండు గంటలకు, ఆ ప్రాంతం నడిమధ్యన ఏ తెగకూ కేటాయించలేదన్న సుమారు ఇరవై లక్షల ఎకరాలను తెరిచారు. సుమారు యాభై వేల మంది హద్దు మీద గుర్రాలతో, బళ్ళతో నిలబడ్డారు. సంకేతం ఇవ్వగానే పరుగు. ఎవరు ముందు కర్ర పాతితే వారిదే ఆ 160 ఎకరాలు. ఉదయం ఖాళీగా ఉన్న ఓక్లహోమా సిటీలో రాత్రికి పదివేల మంది ఉన్నారు. కొందరు వేళకు ముందే దొంగతనంగా లోపలికి దూరి కూర్చున్నారు, వారిని సూనర్లు అన్నారు. వాళ్ళ మీద దావాలు ఏళ్ళ తరబడి నడిచాయి. చిత్రమేమిటంటే ఆ రాష్ట్రానికి ఇప్పుడు ముద్దుపేరు అదే, సూనర్ రాష్ట్రం! ఆక్రమణదారు పేరు రాష్ట్రానికి బిరుదు కావడం మరెక్కడా చూడలేదు. మిగిలిన తెగల ఉమ్మడి భూమిని 1893లో వేసిన డాజ్ కమిషను మనిషికింత అని పంచింది. ఉమ్మడిగా ఉన్నప్పుడు అమ్మడానికి వీలులేని భూమి విడివిడి పట్టాలయ్యేసరికి చాలావరకు చేతులు మారిపోయింది. మన ఏజెన్సీ భూముల రికార్డులు చూసినవారికి ఈ తంతు విడమరిచి చెప్పనక్కరలేదు. 1907 నవంబరు 16న ఓక్లహోమా 46వ రాష్ట్రమయింది.

అక్కడితో ఫైలు మూసేశారనే అందరూ అనుకున్నారు. 2020 జూలై 9న అమెరికా సుప్రీం కోర్టు మెక్‌గర్ట్ కేసులో, అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా తీర్పు చెప్పింది. క్రీక్ తెగకు ఒప్పందంలో ఇచ్చిన రిజర్వేషను ఉన్నది ఉన్నట్టే ఉంది, దాన్ని రద్దు చేస్తూ కాంగ్రెసు ఎన్నడూ చట్టం చెయ్యలేదు, చెయ్యనప్పుడు అది రద్దు కాదు అని. తరవాత రాష్ట్ర కోర్టులు ఇదే సూత్రాన్ని చెరొకీ మొదలైన తక్కిన నాలుగు తెగలకూ వర్తింపజేశాయి. రాష్ట్రంలో తూర్పు భాగం చాలావరకు, టల్సా నగరంలో అధిక భాగంతో సహా, ఈ హద్దుల లోపలికి వచ్చింది.

ఇది చదివి వినిపించగానే టల్సా వారి ముఖం పాలిపోయింది. "అయితే మా అమ్మాయి ఇల్లో? కట్టిన డబ్బంతా పోయినట్టేనా?" అన్నారు. ఆ రాత్రి ఆయన నిద్రపోలేదని మర్నాడు వాళ్ళావిడ చెప్పారు. రెండు రోజులు నేను ఆ తీర్పు గురించిన వివరాలన్నీ చదివి, గురువారం రావలసిన డాక్టరు అపాయింట్‌మెంటు కూడా వాయిదా వేసుకుని, ఆయన ఇంటికి వెళ్ళి చెప్పాను. హద్దు వేరు, హక్కు వేరు. ఆ తీర్పు నేరాల విచారణ అధికారం గురించి. ఆ హద్దుల లోపల తెగ మనుషుల మీద వచ్చే పెద్ద నేరాల కేసులు రాష్ట్రం కాదు, కేంద్ర కోర్టులు విచారించాలి అన్నది దాని సారం. 2022లో వచ్చిన మరో తీర్పు రాష్ట్రానికి కొంత అధికారం తిరిగి ఇచ్చింది. ఇంటి రిజిస్ట్రేషను, పట్టా ఎవరిది వారిదే. "మన ఊరు ఒక స్టేషను పరిధి నుంచి ఇంకో స్టేషను పరిధిలోకి మారితే మన దస్తావేజు చెల్లకుండా పోతుందా బావగారూ?" అన్నాను. ఆయన మంచం మీద లేచి కూర్చుని కాఫీ తెమ్మన్నారు. కాఫీ తాగుతూ ఆయన అడిగిన ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. "ఇల్లు పోనందుకు నాకింత ఊరటగా ఉందే, ఆ జార్జియాలో లాటరీలో ఇల్లు పోయినవాడి తండ్రికి ఎవరు వెళ్ళి చెప్పారండీ?" అన్నారు.

ఓక్లహోమాకు పడమట గరిటె కాడలాగా సన్నని ముక్క ఒకటి పొడుచుకొచ్చి ఉంటుంది. దానిదీ ఒక కథే. టెక్సాసు బానిసలను ఉంచుకునే రాష్ట్రం. ఆ ప్రాంతంలో 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశానికి పైన బానిసత్వం కూడదని 1820లో ఒక రాజీ ఉంది. 1850లో టెక్సాసు ఆ గీతకు పైనున్న భూమిని వదులుకుని, ఇతర భూములతో కలిపి కేంద్రం నుంచి కోటి డాలర్లు తీసుకుంది. 1854లో కాన్సాసుకు దక్షిణ హద్దు 37 డిగ్రీల దగ్గర వేశారు. మధ్యలో ముప్పయి నాలుగు మైళ్ళ వెడల్పు పట్టీ ఎవరికీ చెందకుండా మిగిలిపోయింది. 1890 దాకా అక్కడ కోర్టు లేదు, రిజిస్ట్రారు లేడు. దాన్ని ఎవరిదీ కాని నేల అనే పిలిచేవారు.

నాలుగు రాష్ట్రాలు ఒక్క బిందువు దగ్గర కలిసే చోటు కూడా అందరం సరదాపడి చూశాం. అరిజోనా, న్యూ మెక్సికో, కొలరాడో, యూటా. ఆ రాయి నవహో తెగ వారి నిర్వహణలో ఉంది. పర్యాటకులు రెండు చేతులూ రెండు కాళ్ళూ నాలుగు రాష్ట్రాల్లో పెట్టి ఫోటో దిగుతారు. చట్టంలో చెప్పిన స్థానానికి ఈ రాయి సుమారు 1,800 అడుగులు తూర్పున ఉందని నేటి ఉపగ్రహ కొలతలు తేల్చాయి. మరి హద్దు మారుతుందా? మారదు. న్యూ మెక్సికో, కొలరాడో తగువులో 1925లోనే సుప్రీం కోర్టు, 1868లో నేల మీద వేసి ఉభయులూ ఒప్పుకున్న గీతే హద్దు అని తేల్చింది. మన సర్వే డిపార్టుమెంటు వారికి ఇది పాత పాఠమే.

రాయి కదలదు సరే, నది కదిలితే? అయోవా, నెబ్రాస్కాల మధ్య హద్దు మిసోరీ నది. 1877లో వరద వచ్చి నది వంపు తెంచుకుని కొత్త దారిన పోయింది. కార్టర్ లేక్ అనే ఊరు అయోవాది, నదికి మాత్రం నెబ్రాస్కా వైపున పడింది. 1892లో సుప్రీం కోర్టు దాన్ని అయోవాకే ఉంచింది. నది మెల్లమెల్లగా కోస్తే హద్దు నదితో పాటు జరుగుతుంది, ఒక్కసారిగా దారి మార్చుకుంటే హద్దు పాత చోటే ఉంటుంది అన్నది సూత్రం. గోదావరి లంక భూముల అజమాయిషీ చేసినవారు ఎవరైనా ఈ తీర్పు చదివితే, మన పనే అక్కడా చేశారనుకుంటారు. తెరపై చూస్తే ఆ పాత వంపు నేటికీ గుర్రపు లాడంలాగా చెరువై కనిపిస్తుంది.

చివరగా వెస్ట్ వర్జీనియా. ఈ రాష్ట్రాన్ని మన సభ్యులందరూ తప్పకుండా చూడాలి. 1861లో అంతర్యుద్ధం వచ్చినప్పుడు వర్జీనియా దేశం నుంచి విడిపోతానంది. దాని పడమటి కొండ జిల్లాల వాళ్ళు మేము విడిపోము అన్నారు, వర్జీనియా నుంచే విడిపోయారు. 1863 జూన్ 20న కొత్త రాష్ట్రం వచ్చింది. ఉమ్మడి వర్జీనియాకు అప్పటికి సుమారు 3 కోట్ల 30 లక్షల డాలర్ల అప్పు ఉంది. న్యాయమైన వాటా భరిస్తామని కొత్త రాష్ట్రం తన రాజ్యాంగంలోనే రాసుకుంది. న్యాయమైన వాటా అంటే ఎంత? అక్కడే పేచీ. 1871లో వర్జీనియా మూడింట రెండు వంతులు తన మీద వేసుకుని, మూడో వంతుకు వెస్ట్ వర్జీనియాను అడగండి అని అప్పులవాళ్ళకు కాగితాలు ఇచ్చి పంపింది. ఆ కాగితాలు పట్టుకుని వాళ్ళు ఏళ్ళ తరబడి తిరిగారు. 1906లో వర్జీనియా సుప్రీం కోర్టుకు వెళ్ళింది. 1911లో కోర్టు, బానిసల విలువ తీసేసి మిగిలిన ఆస్తుల విలువను బట్టి కొత్త రాష్ట్రం వాటా నూటికి ఇరవై మూడున్నర అని తేల్చింది. ఆ తీర్పు రాసిన జడ్జి పేరు ఆలివర్ వెండెల్ హోమ్స్ జూనియర్. స్టీరియోస్కోపు హోమ్స్ గారి అబ్బాయి! తండ్రి ఊళ్ళు చూపించాడు, కొడుకు ఊళ్ళ లెక్క తేల్చాడు.

మనకు 2014 జూన్ 2న విభజన జరిగినప్పుడు పెన్షను భారం జనాభా నిష్పత్తిలో, అనగా 58.32, 41.68గా పంచారు. అక్కడ ఆస్తి విలువ, ఇక్కడ తలల లెక్క. ఏది న్యాయమో అన్న విషయం మీద మా బుధవారం సభలో రెండు పక్షాలయ్యాయి, కరీంనగరం వారు ఒకవైపు, నేను ఒకవైపు. ఇంకా తేలలేదు. ఒక్క విషయంలో మాత్రం ఏకీభవించాం. చట్టంలోనే అంకె రాసి పెట్టడం మంచిదయింది, "న్యాయమైన వాటా" అని రాసి వదిలేస్తే మన పెన్షన్లు ఏమయ్యేవో!

1911లో శాతం తేలినా వడ్డీ తేలలేదు. 1915లో కోర్టు అసలూ వడ్డీ కలిపి సుమారు కోటీ 24 లక్షల డాలర్లు కట్టమంది. కొత్త రాష్ట్రం అప్పటికీ నాలుగేళ్ళు నాన్చి, 1919లో బాండ్లు జారీ చేసింది. చివరి వాయిదా 1939లో ముట్టింది. విడిపోయిన 76 ఏళ్ళకు. ఈ లెక్క చెప్పగానే టల్సా వారు, "అయితే మన డి.ఆర్. బకాయిలకు ఇంకా బోలెడు టైముందన్నమాట" అన్నారు.